చేతుల్ని రెక్కలు చెయ్యకు

అమ్మాయీ,

ఆటిజం ఉన్న పిల్ల మీద నువ్వు రాసిన కథ చదివాను. పిల్ల రావిచెట్టు కింద నిలబడ్డ రెండో పేజీ బాగుంది. దాని చివర "పక్షిలా రెక్కలాడించింది" అన్నావు చూడు, అక్కడ ఒళ్లు మండింది. ఆకు కదిలింది, చెయ్యి కదిలింది. మధ్యలో పక్షి ఎందుకొచ్చింది?

రావాకు తొడిమ పొడుగు, సన్నం. మన ఒంటికి గాలి తెలియకపోయినా ఆకు ఆడుతుంది. ముందు ఆ తొడిమ రాయి. తర్వాత మణికట్టు: వదులుగా ఉందా? వేళ్లు కంటికి ఎంత దగ్గర? ఆటిజం ఉన్న పిల్లలు కొందరు వేళ్లను కంటి కొసకు తెచ్చుకుని, సందుల్లోంచి వెలుతురు తునకలవడం చూస్తారు. మడమలు లేచాయా? గొంతులో కూనిరాగం ఉందా? ఈ వరసలో రాస్తే పోలిక అక్కర్లేదు.

బెదిరినా చేతులాడతాయి. కుక్కర్ కూతకు ఆడే చేతులకూ చెట్టు కింద ఆడే చేతులకూ తేడా తరచు చేతుల్లో కనపడదు. భుజాలు బిగుస్తాయి, పళ్లు కరుచుకుంటాయి. నువ్వు రెండుచోట్లా ఒకే వాక్యం వాడేశావు.

అమెరికాలో ఆటిజం ఉన్న మెల్ బాగ్స్ 2007లో ఒక వీడియో చేశారు. అందులో కొళాయి నీళ్లలో వేళ్లాడిస్తారు. ఆ నీళ్లు దేనికీ ప్రతీక కాదని, నీళ్లూ తనూ ఒకరితో ఒకరు మసలుకోవడమేనని కంప్యూటర్ గొంతుతో చెప్పిస్తారు. ప్రతీకలు వెతికే మన విమర్శకులకు అది మింగుడుపడదులే.

నీ కథలో బొమ్మల టీచరు పిల్ల చెయ్యి పట్టి రంగులో ముంచాడు. తప్పు. తడి జిగట కొందరికి భరించలేనిది. పొడుగు కర్రకు గుడ్డ చుట్టి ఇవ్వనీ. భుజమెత్తున గోడకు మూడడుగుల కాయితం అతికించాలి. జాజు గరిటెజారుగా, కాస్త తుమ్మబంక వేసి కలపాలి. పలచనైతే కారిపోతుంది, బంక లేకపోతే ఆరాక పొడిపొడిగా రాలుతుంది. గీత చెట్టులా ఉండక్కర్లేదు, భుజం ఊపు పడితే చాలు. "ఏం గీశావమ్మా?" అని మాత్రం అడిగించకు.

ఇక ఆఖరి పేజీ. చేతులు ఆగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ప్రత్యేక సంచికల సంపాదకులకు ఇదంటే మహా ప్రీతి. పిల్ల 'మామూలు' అయ్యేదాకా కథ అవలేదంటారు. చేతులు ఆగాక రావిచెట్టుతో ఆ పిల్లకు మాటేముంది? ఆ చప్పట్లు కొట్టెయ్, అంటే ఎర్ర సిరాతో.

గౌను మీద జాజు మరక ఉండనీ. రెండో పేజీలో ఆ పక్షిని తప్ప దేన్నీ ముట్టుకోకు.