బొట్టు పెట్టిన పనిముట్లను తూకానికి వేశాను

ప్రశ్న: మాది తిరుపతి. మావారి వయసు 47, ఆఫీసు ఉద్యోగం. ఇంట్లో ఇనుప పని నేర్చుకుంటానని నాలుగేళ్లుగా ఇనుమును అరగదీసే ఆకురాళ్లు, సుత్తులు, ముక్కను బిగించి పట్టే వైస్, దాగలి, గ్రైండరు కొంటూనే ఉన్నారు. దసరాకు వాటన్నిటికీ నేనే బొట్టు పెట్టాను. అమ్మాయి ఫీజుకని దాచిన చీటీ డబ్బులో 18,000 రూపాయలు నాకు చెప్పకుండా డ్రిల్లింగ్ మిషనుకు పెట్టారని ఈ మధ్యే తెలిసింది. ఆయన ఊళ్లో లేనప్పుడు కోపంతో వైస్‌నూ, పెట్టెడు ఆకురాళ్లనూ పాత ఇనుము అంగడిలో తూకానికి వేశాను. పది రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు. అత్తగారికి ఉబ్బసం, ఆ దుమ్ము పడదు. నాది తప్పేనా?

జవాబు: తప్పేనమ్మా. చీటీ డబ్బు విషయంలో మీ కోపం న్యాయమైనదే అయినా, ఆయన లేని సమయం చూసి ఆయన వస్తువులను అమ్మడం ఆ తప్పుకు జవాబు కాదు. మీకు తెలియకుండా ఆయన చేసిన పనినే, ఆయనకు తెలియకుండా మీరూ చేశారు. పైగా, మహర్నవమి నాడు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టిన వాటికి కిలోల లెక్కన వెల కట్టడమే ఆయనను ఎక్కువగా బాధించి ఉంటుందని నా అనుమానం. వైస్ విలువ దాని బరువులో ఉండదు, అరగని మరలో, సరిగ్గా కలిసే దవడల్లో ఉంటుంది. గుండ్రటివి, మూడు పలకలవి, గరుకు పంటివి, నున్నటి పంటివి అంటూ ఏరి తెచ్చుకున్న ఆకురాళ్లు కాటాలో ఒకే ఇనుము.

కాబట్టి మొదట ఆ అంగడికి వెళ్లండి. లోడు పోగయ్యేదాకా సరుకు అక్కడే పడి ఉండే అవకాశం ఉంది గనుక ఆలస్యం చేయవద్దు. దొరికినా దొరకకపోయినా, "మిమ్మల్ని అడగకుండా అమ్మడం నా తప్పు" అన్న మాటను ఫీజు ప్రస్తావన తేకుండా చెప్పండి. ఆ లెక్క మరునాడు మాట్లాడవచ్చు, మాట్లాడాలి కూడా.

ఆ మాట్లాడేటప్పుడు "ఇవన్నీ ఎందుకు?" అని అడిగితే గొడవ మళ్లీ మొదటికే వస్తుంది, "వీటితో ఇప్పటివరకు ఏం చేశారు?" అని అడగండి. ఐటీఐలో రెండేళ్ల ఫిట్టరు కోర్సు చదివే పిల్లలకు కూడా మొదట చేతికిచ్చేది ఆకురాయి, ఇనుము కోసే హ్యాక్సాలే; ఇనుప ముక్కను చదునుగా, మూలమట్టానికి సరిగ్గా రాకడం వచ్చిన తర్వాతే యంత్రాలు. ఆ లెక్కన మీవారు డ్రిల్లింగ్ మిషను తొందరపడి కొన్నారేమో అనిపిస్తుంది. కొనడంలోని సరదా పని చేయడంలోని సరదాను మింగేయడం ఈ వ్యాపకంలో మామూలే. చేతిలో ఉన్న వాటితో ఇంటికి పనికొచ్చే వస్తువు ఒకటి, గేటు గడియో, పెనం పిడియో, పూర్తి చేశాకే కొత్తది కొనాలనీ, అదీ నెలకు ఇద్దరూ ఒప్పుకున్న మొత్తంలోనే ఉండాలనీ, చీటీ డబ్బును ముట్టుకోకూడదనీ నిర్ణయించుకోండి. ఆ 18,000 ఎన్ని నెలల్లో తిరిగి జమ చేస్తారో ఆయన నోటితోనే చెప్పించండి.

అత్తగారి సంగతి మాత్రం బేరానికి పెట్టేది కాదు. గ్రైండరును మిద్దె పైకి, గాలి ఆడే చోటికి మార్చాలి. నిప్పురవ్వలు పడే పని గ్యాస్ సిలిండరున్న వంటింటి పక్కన అసలే చేయకూడదు. జింకు పూత ఉన్న పైపులను, రేకులను కాల్చినా వెల్డింగ్ చేసినా వచ్చే పొగ ఆరోగ్యవంతుడికే జ్వరం తెప్పిస్తుంది, ఉబ్బసం మనిషికి మరీ ప్రమాదం. కళ్లద్దాలు లేకుండా గ్రైండరు, గుడ్డ గ్లౌజులు వేసుకుని డ్రిల్లింగ్ మిషను వాడవద్దని కూడా ఆయనకు చెప్పండి. తిరిగే బిట్టుకు గుడ్డ చుట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది.

వైస్ దొరికితే దాన్ని కడిగి, తుడిచి పెట్టకండి. తెచ్చి మెట్ల కింద ఉంచండి చాలు. తుప్పు తీసి నూనె రాసుకునే పని ఆయనది.