హోటల్ ఉద్యోగంలో చేరుతున్న మా చెల్లెలి కూతురికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు విశాఖ బీచ్ రోడ్డులో హోటల్ ఉద్యోగం ఖాయమైందని చెప్పేటప్పుడు దాని గొంతులో ఎంత సంబరమో! ఆ వెంటనే గొంతు తగ్గించి, "అక్కా, ఆన్‌లైన్లో ఏవో తాళ్ళ డ్రాయర్లు తెప్పించిందే, నువ్వైనా నాలుగు చివాట్లు పెట్టు" అంది. చివాట్లు ఉన్నాయిగానీ మీ అమ్మ అనుకున్నవి కావు. వెనక సన్నటి పట్టీ మాత్రమే ఉండే వాటిని థాంగ్ అంటారని నాకు తెలుసు. క్రీము రంగు ప్యాంటులోంచి డ్రాయరు అంచులు గీతలు పడి కనిపిస్తున్నాయని ట్రైనింగులో అన్నారట కదా, అందుకే తెప్పించి ఉంటావు. అందులో తప్పేమీ లేదు. మన ఇంటి ఆడపిల్ల అంత పెద్ద హోటల్ ముంగిట్లో నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళతో తెలుగు, హిందీ, ఇంగ్లీషు మాట్లాడబోతోందంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, బెంగ సగం.

ముందు సైజు సంగతి. టేపు నడుం చుట్టూ కాదు, పిరుదులు ఎక్కడ బాగా వెడల్పుగా ఉన్నాయో అక్కడ పెట్టి కొలుచుకో. ఆ కంపెనీ వాళ్ళ సైజుల పట్టిక చూసుకుని తీసుకో, రెండు సైజుల మధ్యలో వస్తే పెద్దదే తీసుకో. ఇది జారిపోతుందేమోనని అందరూ చిన్న సైజు కొంటారు, అక్కడే బాధ మొదలవుతుంది. బిగుతైతే వెనక పట్టీ ఒరుసుకుపోతుంది, మరీ వదులైనా నడిచినప్పుడల్లా కదిలి అదే పని చేస్తుంది. వేసుకుని వంగి చూడు, కూర్చుని చూడు, మెట్లెక్కి చూడు. నడుం పట్టీ కింద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. విప్పాక ఎర్రటి గీత చాలాసేపు పోకపోతే అది నీ సైజు కాదు.

ఒకేసారి అయిదింటి ప్యాకెట్ ఎందుకు కొన్నావే? లోదుస్తులు ఒకసారి విప్పితే చాలాచోట్ల వెనక్కి తీసుకోరు. ఒక్కటి కొని, సరిపోయిందనుకున్నాక మిగతావి కొనాల్సింది. జగదాంబ జంక్షన్ దగ్గర కౌంటర్లో ఆడపిల్లలు ఉండే షాపు చూసుకుని వెళ్తే గుడ్డ చేత్తో పట్టుకుని, సాగదీసి చూడొచ్చు. ఫోన్లో బొమ్మ చూస్తే కుట్టు ఎక్కడ పడిందో తెలీదు.

వెనక భాగం అన్నిటికీ ఒకలా ఉండదు. ఉత్త తాడులా ఉండేది జీ స్ట్రింగ్, మొదటిసారికి దాని జోలికి వెళ్ళకు. వెనక కాస్త వెడల్పు పట్టీ ఉన్నదైతే ఒరిపిడి తక్కువ. బ్రెజీలియన్ అని ఇంకోటి ఉంటుంది, థాంగ్‌కీ మామూలు డ్రాయరుకీ మధ్యరకం, ముందు దాంతో అలవాటు పడినా మంచిదే. నువ్వు తెప్పించిన లేసువి తిరగేసి లోపలివైపు వేలితో రాసి చూడు. వేలికి గరుగ్గా తగిలిందంటే పది గంటల డ్యూటీలో చర్మం ఊరుకోదు. ముఖ్యంగా కాళ్ళ మధ్య అడుగున రెండో పొర కుడతారు చూడు, అది నూలు గుడ్డే అయి ఉండాలి. పైన నైలాన్ ఉన్నా సర్దుకోవచ్చు, ఆ పొర మాత్రం నూలు కాకపోతే పక్కన పెట్టెయ్. కుట్టు లేకుండా మెషీన్ మీద కోసినవి బయటికి అస్సలు కనపడవుగానీ చెమట పీల్చవు, డ్యూటీ వరకే వాటిని వాడు.

రంగు గురించి నర్సుని, నన్నడుగు. జీవితమంతా తెల్ల యూనిఫాంలోనే గడిచింది నాకు. తెల్ల చీర కింద తెల్ల డ్రాయరు కనపడదనుకుంటారు, ఎండలోకి వస్తే అదే ముందు కనపడుతుంది. మన ఒంటిరంగుకి దగ్గరగా ఉన్నదే కనపడదు. మా సీనియర్ సిస్టర్ ఒకావిడ కొత్త పిల్లలందర్నీ కిటికీ దగ్గర నిలబెట్టి, వెనక్కి తిప్పి చూసి పంపేది. అప్పుడు ఏడుపొచ్చేది, ఇప్పుడు ఆవిడ మాటే నీకు చెప్తున్నాను. క్రీము ప్యాంటు కింద క్రీము కాదు, నీ ఒంటిరంగు గోధుమది తీసుకో.

ఇప్పుడు నా బెంగ ఏటో చెప్తాను, ఇది నెమ్మదిగా చదువు.

థాంగ్ వేసుకుంటే జబ్బులొస్తాయని మీ అమ్మ ఎక్కడో విందట. 2005లో స్వీడన్‌లో ఆడవాళ్ళకి మామూలు డ్రాయర్లు, థాంగులు వేయించి చర్మం మీద తేమ, క్రిములు కొలిచి చూశారు, చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. నా భయం ఆ గుడ్డ గురించి కాదు. దాన్ని దాచుకోవడం గురించి.

మా నర్సింగ్ హాస్టల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన గుంట ఒకతి ఉండేది. నెమ్మదస్తురాలు, ఎవరికి జ్వరమొచ్చినా పక్కన కూర్చునేది. వెనక వరండాలో మా బట్టలు ఆరేసే తాడు పక్క మేడకి కనపడేది. అందుకని అందరం డ్రాయర్లు తాడు మీద వేసి, పైన తువ్వాలు కప్పేవాళ్ళం. విశాఖలో వానాకాలం నీకు తెలుసు కదా, సముద్రం గాలికి పైన తువ్వాలే ఆరదు, దాని కింద డ్రాయరు ఎలా ఆరుతుంది? ఆ పిల్లకి ఉన్నవి రెండో మూడో నైలాన్‌వి. సగం తడివే వేసుకుని వార్డుకి వచ్చేది. తొడల మధ్య దురద మొదలైంది, గుండ్రంగా, అంచులు ఎర్రగా. తామర. రోజూ రోగులకి మందు రాసే పిల్ల, తనకొచ్చిందని మా ఎవ్వరికీ చెప్పలేదు. మందుల షాపుకి వెళ్ళి, మా అక్కకి అని అబద్ధమాడి ఒక ట్యూబు తెచ్చుకుంది. రాసిన రాత్రే దురద పోయింది. పోదా మరి, అందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ దురదనీ ఎరుపునీ అణుస్తుంది, కింద ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది. ట్యూబు అయిపోగానే రెండింతలై తిరిగొచ్చింది. మళ్ళీ ట్యూబు. అలా నెలల తరబడి రాసుకుంది. తొడల మీంచి పిరుదులకి, అక్కణ్ణించి పొత్తికడుపు మీదికి పాకింది. చర్మం ఉల్లిపొరలా పల్చబడి చారలు పడ్డాయి. కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంటే బద్ధకమని సీనియర్లు తిట్టేవాళ్ళు, ఆ తిట్లూ పడింది గానీ నోరు విప్పలేదు. ఒకరోజు నైట్ డ్యూటీలో బాత్రూంలో కూర్చుని ఏడుస్తుంటే తలుపు కొట్టి తీయించాం. పొద్దున్నే చర్మం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ట్యూబు ఆపించారు. ఆపిన వెంటనే ఇంకా రేగింది, తట్టుకోలేక మంచం పట్టింది. నయమవడానికి ఎన్ని నెలలు మాత్రలు మింగిందో. తామర పోయింది, చారలు పోలేదు. పెళ్ళిచూపులప్పుడు ఆ పిల్ల పడ్డ దిగులు నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు మనవలతో చల్లగా ఉంది, పండక్కి ఫోన్ చేస్తుంది. కానీ ఇంట్లో ఏ ఆడపిల్ల లోదుస్తులు దాచుకుంటోందని విన్నా నాకు ఆ బాత్రూం తలుపే గుర్తొస్తుంది.

ఆ రకం స్టెరాయిడ్ క్రీములు పద్నాలుగింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లో గట్టిగా చెప్పింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఉన్నాయి. దురదైనా, మంటైనా, తెల్లబట్టలో వాసనో రంగో మారినా, మూత్రానికి వెళ్ళేటప్పుడు మండినా నాకు చెప్పు. అర్ధరాత్రయినా ఫోన్ చెయ్. సిగ్గనిపిస్తే ఫోటో వద్దు, మాట చాలు, నేను డాక్టరు దగ్గరికి వెంట వస్తాను. నీ అంతట నువ్వు ట్యూబు కొన్నావో, నేను ఊరుకోనే.

ఉతికినవి ఎండలో ఆరేసుకో. బాల్కనీలో, నలుగురూ చూసినా సరే, పైన ఏమీ కప్పకుండా. మీ అమ్మకి నేను చెప్తాను, అది నా మాట కాదనదు. వాన రోజుల్లో ఫ్యాన్ కింద వేసి, చెంపకి ఆనించి చూసి వేసుకో. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మెత్తని సబ్బుతో ఉతికి బాగా జాడించు. లాస్టిక్ వదులైపోతే జాలిపడకుండా పారెయ్.

మన ఊరి ఉక్కపోతలో బస్సు దిగి నడిచేసరికే ఒళ్ళు తడిసిపోతుంది. ఇంకోటి జిప్పు సంచిలో పెట్టి బ్యాగులో ఉంచుకో, షిఫ్టు మధ్యలో మార్చుకో. బాత్రూంకి వెళ్ళినప్పుడు ముందు నుంచి వెనక్కే కడుక్కో, వెనక నుంచి ముందుకి ఎప్పుడూ వద్దు. ఈ రకం డ్రాయరులో ఆ పట్టీ వెనకా ముందూ కదులుతూనే ఉంటుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. నీళ్ళతో కడిగాక టిష్యూతో అద్ది ఆరబెట్టుకున్నాకే పైకి లాక్కో. కడుపు బాగోలేని రోజు అసలు వేసుకోకు. అక్కడ పౌడరు చల్లొద్దు, సెంటు సబ్బులు వాడొద్దు. షేవ్ చేసుకున్న రోజు థాంగ్ వద్దు, ఒరుసుకుని కురుపులొస్తాయి. ఇంటికొచ్చాక విప్పేసి వదులు నూలు నైటీతో పడుకో, లోపల ఏమీ అక్కర్లేదు.

నెలసరి రోజుల్లో మామూలు డ్రాయరే. ప్యాడ్ రెక్కలు మడవడానికి దీనికి గుడ్డే ఉండదు, ప్యాడ్ పక్కకి జరిగితే క్రీము ప్యాంటులో నువ్వు పడే టెన్షన్ నాకు తెలుసు. ఆ రోజుల్లో పొడుగు కోటు ఇమ్మని మీ సూపర్‌వైజరుని ముందే అడిగి పెట్టుకో. అడగడానికి మొహమాటపడకు, అక్కడా ఆడవాళ్ళే ఉంటారు.

మొదటిసారి డ్యూటీకి వేసుకెళ్ళకు. సెలవు రోజు ఇంట్లో గంటా రెండు గంటలు వేసుకుని పని చేసుకో, మర్నాడు ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సులో వెళ్ళి రా. పదేపదే చెయ్యి వెనక్కి వెళ్తుంటే అది నీకు సరిపడలేదన్నమాట. అది నీ తప్పు కాదు, ఇంకో రకం చూద్దాం, లేదా అసలు వద్దు. ఇవి సరిపడని వాళ్ళు చాలామంది ఉంటారు.

ఇంకొక్క మాట. గీతలు పడడానికి సగం కారణం ఆ ప్యాంటే అని నా అనుమానం. పిరుదుల దగ్గర బిగించి కుట్టి ఉంటారు. లోపల మడత గుడ్డ మిగిలి ఉంటే కుట్టు విప్పి అర అంగుళం వదులు చేయించొచ్చు. ఆదివారం ఆ ప్యాంటు, ఆ అయిదు థాంగులు, మీ అమ్మ కొలతల టేపు పట్టుకుని మా ఇంటికి రా. మా వీధి చివర టైలరమ్మ పనితనం మంచిది, నేను పక్కనుండి చేయిస్తాను. నీకోసం చేపల పులుసు పెడతాను.

నైట్ షిఫ్టులు ఎప్పటినుంచో ఇంకా చెప్పలేదు నువ్వు. హోటల్ వాళ్ళు ఇంటిదాకా క్యాబ్ ఇస్తారో లేదో కనుక్కో, ఎక్కగానే బండి నంబరు నాకు మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ