సింగపూర్ పీఆర్ తీసుకుంటే అబ్బాయికి మిలిటరీ తప్పదా? డబ్బు కట్టి వదిలించుకోవచ్చా?

బాబుకి నాలుగేళ్ళనీ, సింగపూర్ పీఆర్‌కి, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే హక్కుకి, అప్లై చేద్దామనుకుంటున్నారనీ రాశారు. పెద్దయ్యాక విదేశంలో చదువుకుంటే మిలిటరీ నుంచి మినహాయింపు ఉంటుందా, లేదంటే ఎంతో కొంత కట్టేసి వదిలించుకోవచ్చా అని అడిగారు. మా పెద్దాడు ఇక్కడి తప్పనిసరి మిలిటరీ సర్వీసు, అంటే నేషనల్ సర్వీస్, పూర్తి చేసి ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతున్నాడు. తర్వాత వంతు చిన్నాడిది. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

డబ్బు కట్టి వదిలించుకునే దారి లేదు. ఆ దారి లేదు కాబట్టే ఈ చట్టం ఇన్నేళ్ళు నిలబడిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఉద్యోగం మీద వచ్చి పీఆర్ తీసుకున్న మొదటి తరం వాళ్ళని మిలిటరీకి పిలవరు. వాళ్ళ ద్వారా పీఆర్ వచ్చిన కొడుకుని పిలుస్తారు. పదహారున్నర ఏళ్ళకి రిజిస్ట్రేషన్ లెటర్ వస్తుంది, ఆ తర్వాత మెడికల్ టెస్టు. పద్దెనిమిది నిండాక రెండేళ్ళు ఫుల్‌టైమ్ సర్వీసు. అక్కడితో అయిపోదు. ఆ తర్వాత పదేళ్ళపాటు రిజర్విస్టు కింద ఏడాదికి 40 రోజుల దాకా పిలవొచ్చు. ఆర్మీయా, పోలీసా, సివిల్ డిఫెన్సా అన్నది వాళ్ళే నిర్ణయిస్తారు. ఆడపిల్లలకి ఇది లేదు. మా ఫ్రెండ్స్‌లో ఇద్దరమ్మాయిలున్నవాళ్ళు ఈ విషయంలో ఇచ్చే సలహాలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

చదువు కోసం వాయిదా ఇస్తారు కానీ, అది ఏ లెవెల్స్ (మన ఇంటర్ లాంటిది) దాకానో, పాలిటెక్నిక్ డిప్లొమా దాకానో. డిగ్రీకి ఇవ్వరు. యూనివర్సిటీలో సీటు వస్తే దాన్ని అట్టేపెట్టుకుని, సర్వీసు ముగించుకుని వచ్చి చేరాలి. మనవాళ్ళకి ఇదే మింగుడుపడదు. మా ఆడపడుచు కొడుకు, మావాడు ఒకే ఏడు పుట్టారు. వాడు హైదరాబాద్‌లో బీటెక్ మూడో ఏడుకి వచ్చేసరికి మావాడు ఇంకా మొదటి ఏడు పుస్తకాలు కొంటున్నాడు. "రెండేళ్ళు వేస్ట్ కదా వదినా" అని ఆవిడ ఫోన్ చేసిన ప్రతిసారీ అంటుంది. ఏం వేస్టు? పద్దెనిమిదేళ్ళవాడు పొద్దున్నే ఎవరూ లేపకుండా లేచి, పక్క సర్దుకుని, తన బట్టలు తను ఇస్త్రీ చేసుకోవడం మన ఇళ్ళలో ఎంతమందిలో చూశాం?

వాణ్ణి దింపడానికి వెళ్ళిన రోజు సంగతి చెబుతాను. తెనాలి నుంచి మా అమ్మ కూడా వచ్చింది. మనవడిని యుద్ధానికి పంపుతున్నామని ఆవిడ టెన్షన్. ముందు రాత్రి సరిగ్గా నిద్ర కూడా పోలేదు. చాంగి దగ్గర టెర్మినల్ నుంచి ఫెర్రీలో ట్రైనింగ్ జరిగే టెకాంగ్ దీవికి తీసుకెళ్తారు. కొత్తగా చేరే పిల్లలతో పాటు ఇంటివాళ్ళని కూడా రానిస్తారు. పిల్లలు పడుకునే గదులు, తుపాకీలు, యూనిఫాంలు అన్నీ చూపించి, మధ్యాహ్నం వాళ్ళ మెస్సులోనే భోజనం పెడతారు. కుక్‌హౌస్ అంటారు దాన్ని.

అమ్మ ముందు మంచాలు చూసింది. ఇనప మంచం, పలచటి పరుపు, పక్కన ఒక బీరువా. పరుపు మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. దుప్పటి ఎత్తి దులిపింది. పక్క మంచం అబ్బాయి వాళ్ళ నాన్న టాక్సీ నడుపుతాడు. ఆ రోజు బండి ఆపుకుని వచ్చానని చెప్పాడు. ఎదురు మంచం అబ్బాయి తండ్రి ఒక బ్యాంకులో పెద్ద ఆఫీసరు. ఆయన కోటు చేతి మీద వేసుకుని నిలబడి, మాలాగే ఫ్యాను ఎక్కడుందా అని పైకి చూస్తున్నాడు. ముగ్గురు పిల్లలకీ ఒకే రకం మంచం, ఒకే రకం బూట్లు, ఒకే రకం క్షవరం. ఇరవై ఏళ్ళైనా ఉంటాయో లేదో, ఒక తమిళ సార్జెంట్ వచ్చి మా అమ్మని "పాటీ" (తమిళంలో బామ్మ) అని పిలిచి కుర్చీ వేశాడు. వీణ్ణి ఇంటికి ఎప్పుడు పంపుతారని అమ్మ తెలుగులోనే అడిగేసింది. వాడికేం అర్థమైందో కానీ, మొదట్లో కొన్నాళ్ళు ఇక్కడే ఉండాలని, ఆ తర్వాత శనాదివారాలు ఇంటికి వస్తాడని చేతులతో చూపిస్తూ ఓపిగ్గా చెప్పాడు.

భోజనం దగ్గర అమ్మ ట్రేలో అన్నం, కూర, చికెన్ ముక్క, పండు అన్నీ వరసగా రుచి చూసి "ఉప్పు తక్కువ, కానీ కడుపు నిండుతుంది" అని తేల్చింది. ఆ తర్వాత పిల్లలందరినీ వరసల్లో నిలబెట్టి ప్రమాణం చేయించారు. వందల గొంతులు ఒకేసారి పలికేసరికి మా ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశాను. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న పిల్లాడు పరాయి దేశానికి ప్రమాణం చేయడమేమిటని నన్ను చాలామంది అడిగారు. ఆ దేశం స్కూల్లో చదివాడు, ఆ దేశం గ్రౌండులో ఆడాడు, ఆ దేశం ఆస్పత్రిలో వాడి చెయ్యి విరిగితే కట్టు కట్టారు. అలాంటప్పుడు అది పరాయిది ఎలా అవుతుంది?

మొదటిసారి ఇంటికి వచ్చిన శనివారం వాడి నంబర్ ఫోర్ యూనిఫాం (ట్రైనింగ్‌లో వేసుకునే మిలిటరీ దుస్తులు) నానబెడితే బకెట్ అడుగున ఎర్రమట్టి తేలింది. మెడ నల్లగా కమిలిపోయింది. పప్పు, ఆవకాయ, నెయ్యి వేసుకుని గిన్నె ఖాళీ చేశాడు. పక్క మంచం టాక్సీ ఆయన కొడుకు గురించి ఆపకుండా మాట్లాడాడు. ఇప్పటికీ వాళ్ళిద్దరూ కలుస్తుంటారు.

ఇప్పుడు మీ డబ్బు ప్రశ్నకి వస్తాను. నాతో పనిచేసిన ఒక టర్కీ అతను ఉండేవాడు. వాళ్ళ దేశంలో విదేశంలో మూడేళ్ళు పనిచేసినవాళ్ళకి ఫారిన్ కరెన్సీలో డబ్బు కట్టే పద్ధతి ఉంది. కట్టేసి, ఆన్‌లైన్‌లో పాఠాలు వింటే మిలిటరీ అయిపోయినట్టే. దేశంలో ఉన్నవాళ్ళకైతే 2019 చట్టంతో ఆరు నెలల సర్వీసు పెట్టి, డబ్బు కట్టినవాళ్ళకి ఒక్క నెల ట్రైనింగ్‌తో సరిపెట్టారు. అతను యూరోలు కట్టి ఊపిరి పీల్చుకున్నాడు. కట్టలేని అతని పిన్ని కొడుకు మాత్రం ఆరు నెలలూ చేసొచ్చాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో సంతోషం లేదు. డబ్బున్నవాడికి ఒక దారి, లేనివాడికి ఒక దారి పెట్టాక దాన్ని దేశసేవ అని ఎలా అంటారు? అది పన్ను, అంతే.

సింగపూర్‌లో కూడా ఒకసారి ఈ గొడవ వచ్చింది. మెల్విన్ టాన్ అనే పియానో కళాకారుడు చిన్నప్పుడే ఇంగ్లండ్‌లో చదువుకోడానికి వెళ్ళి సర్వీసుకి తిరిగి రాలేదు. తిరిగి వస్తాడని హామీగా తల్లిదండ్రులు కట్టిన బాండ్ డబ్బు పోయింది. ఎన్నో ఏళ్ళ తర్వాత, 2005లో, కోర్టు అతనికి 3,000 డాలర్ల జరిమానా వేసి వదిలేసింది. మిలిటరీకి రేటు 3,000 డాలర్లేనా అని మగపిల్లల తల్లిదండ్రులు మండిపడ్డారు. ఆ మరుసటి ఏడే జరిమానా పరిమితిని 10,000 డాలర్లకి పెంచారు. మూడేళ్ళ దాకా జైలు కూడా వేయొచ్చు. 2017లో హైకోర్టు ఎన్నేళ్ళు ఎగ్గొడితే ఎంత జైలు అన్న లెక్క ఖాయం చేసి, 23 ఏళ్ళకు పైగా ఎగ్గొట్టిన ఒక వ్యక్తికి రెండేళ్ళ శిక్షని నిలబెట్టింది. బాండ్ కట్టి ఆ డబ్బు వదులుకుంటే చాలనుకునేవాళ్ళకి ఈ రెండు కేసులూ చాలు. డబ్బూ పోతుంది, కేసూ ఉంటుంది.

ఆటగాళ్ళకి మినహాయింపు ఇస్తారట కదా అని కూడా అంటుంటారు. స్విమ్మర్ జోసెఫ్ స్కూలింగ్‌కి వాయిదా ఇచ్చారు, నిజమే. అతను 2016 రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. అయినా అది వాయిదాయే కానీ మినహాయింపు కాదు, తర్వాత వెళ్ళి చేశాడు. 2018లో ఇంగ్లండ్‌లోని ఫుల్‌హమ్ ఫుట్‌బాల్ క్లబ్బు కాంట్రాక్టు ఇచ్చిన బెన్ డేవిస్‌కి ఆ వాయిదా కూడా ఇవ్వలేదు. మన పిల్లాడి ఐఐటీ కోచింగ్ అంతకన్నా పెద్దదని ఎవరికి చెప్పి ఒప్పిస్తాం?

కోచింగ్ అంటే గుర్తొచ్చింది, మీరు "విదేశంలో చదువుకుంటే" అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. పదమూడేళ్ళు దాటిన అబ్బాయి ఎక్కువకాలం దేశం బయట ఉండాలంటే ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. పదహారున్నర లోపువాడు రెండేళ్ళు, ఆపైన బయట ఉండాలంటే బాండ్ అడుగుతారు. 75,000 సింగపూర్ డాలర్లు గానీ, తల్లిదండ్రులిద్దరి ఏడాది మొత్తం ఆదాయంలో సగం గానీ, ఏది ఎక్కువైతే అది. మా బ్లాకులో ఉండే ఒక తెలుగు కుటుంబం ఇవేవీ పట్టించుకోకుండా పిల్లాడిని హైదరాబాద్‌లో తాతగారింట్లో పెట్టి కోచింగ్‌లో వేసేశారు. "చిన్నపిల్లాడు, ఎవరడుగుతారు" అని వాళ్ళకి ఎవరో ఉగాది ఫంక్షన్‌లో చెప్పారట. తర్వాత పీఆర్ వదిలేశారు. సర్వీసు చేయకుండా పీఆర్ వదులుకుంటే ఆ అబ్బాయి తర్వాత ఇక్కడ చదువుకో, ఉద్యోగానికో పెట్టుకునే అప్లికేషన్ల మీద గట్టి దెబ్బే పడుతుంది. తల్లిదండ్రుల పీఆర్ రెన్యువల్ మీదా పడొచ్చు. ఇప్పుడు ఆ పిల్లాడికి చదువైపోయింది. అమ్మానాన్న ఇక్కడ, వాడు అక్కడ. ఇక్కడికి ఉద్యోగానికి రావాలని వాడి కోరిక. ఆ తల్లి లిఫ్టులో కనబడితే ఏం మాట్లాడాలో తెలియదు నాకు.

ఇందులో నాకు కోపం వచ్చేది ఆ తల్లిదండ్రుల మీద కాదు, ఫంక్షన్లలో ప్లేట్ పట్టుకుని సలహాలిచ్చేవాళ్ళ మీద. వాట్సాప్‌లో అరచేతిలో వైకుంఠం చూపించే కన్సల్టెంట్లు వీళ్ళకి తోడు. మా ఆయనకి ఒకతను ఫోన్ చేసి, ఫీజు ఇస్తే అబ్బాయి ఫైలు "సైలెంట్‌గా క్లోజ్" చేయిస్తానన్నాడు. సింగపూర్‌లో! ఈ దేశం గురించి ఓనమాలు తెలిసినవాడు ఆ మాట అనగలడా?

ప్రభుత్వం మీద కూడా ఒక మాట ఉంది. కొత్తగా చేరిన పిల్లలకి నెలకి ఇచ్చే అలవెన్సు ఇన్నేళ్ళలో పెరిగినా ఇంకా ఎనిమిది వందల డాలర్ల లోపే ఉంది. ఈ ఊరి ధరలకి అది చాలదు. రెండేళ్ళు పిల్లల్ని ఇచ్చే కుటుంబాల్లో టాక్సీ నడిపేవాళ్ళూ ఉన్నారు. ఆ ఇళ్ళలో పద్దెనిమిదేళ్ళవాడి సంపాదన లేకపోవడం చిన్న విషయం కాదు. దీని గురించి మాట్లాడరేం?

మీరు చేయగలిగింది ఒకటుంది. ఐదారేళ్ళలో అమెరికాకో, హైదరాబాద్‌కో వెళ్ళిపోయే ఆలోచన నిజంగా ఉంటే, పీఆర్ మీకు మాత్రమే పెట్టుకుని బాబుని లాంగ్ టర్మ్ విజిట్ పాస్ మీదో, స్టూడెంట్ పాస్ మీదో ఉంచండి. స్కూలు ఫీజు చాలా ఎక్కువ పడుతుంది, సీటు కోసం పరీక్షలు రాయాలి, భరించండి. ఇక్కడే స్థిరపడాలనుకుంటే మాత్రం వాడినీ చేర్చండి. చేర్చాక పదేళ్ళు రాగానే విషయం వాడికి మీ నోటితోనే చెప్పండి. స్కూల్లో ఇంకెవరో చెప్పి భయపెట్టకముందే వాడికి తెలియాలి.

మా చిన్నాడికి వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్ లెటర్ రావాలి. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి వెళ్తానంటున్నాడు. దానికి వాయిదా దొరుకుతుంది కాబట్టి మేం సరేనన్నాం. మీరు మాత్రం ఫారం పంపకముందే ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. పంపిన తర్వాత ఫైలు క్లోజ్ చేయిస్తానని ఎవరు ఫోన్ చేసినా పైసా ఇవ్వకండి.