ఆ ‘అద్భుతం’ తీసెయ్ తమ్ముడూ

తమ్ముడూ,

మెత్తని జెల్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ‘తనను తానే బాగుచేసుకునే అద్భుత పదార్థం’ అని మొదలుపెట్టావు. ఆ ‘అద్భుత’ తీసెయ్. నేనూ ఒకప్పుడు ఇలాగే ఇక పంక్చర్ల బాధే ఉండదని రాసేస్తే, మా వీధిలో పంక్చర్లు వేసే ఆయన చదివి “అతుక్కోడానికి ఎంతసేపు పడుతుందండీ?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ముందు చిక్కెక్కడుందో చూపించు. చపాతీ పిండిని రెండు ముక్కలు చేసి అదిమితే కలిసిపోతుంది, కానీ దాంతో చెప్పు చేయలేం. చెప్పు గట్టిదే, తెగితే మాత్రం దానంతటది అతకదు. పదార్థంలోని పొడవాటి అణువులు, అంటే పాలిమర్ గొలుసులు, కదలగలిగితేనే గాయం మానుతుంది, కదలకుండా పట్టి ఉంచితేనే బలం వస్తుంది. మరి రెండూ ఒకేచోట ఎలా?

2012లో హార్వర్డ్‌లో శాస్త్రవేత్త జిగాంగ్ సువో బృందం చేసిన హైడ్రోజెల్‌కి, అంటే నీళ్ళు పట్టి ఉంచే జెల్‌కి, ఒక్క వాక్యమే ఇచ్చావు, నేనైతే సగం వ్యాసం ఇస్తాను. దాదాపు 90 శాతం నీళ్ళే, తాటిముంజలాంటి సరుకు, అయినా లాగితే 20 రెట్లకు పైగా సాగుతుంది. సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్‌దొక వల, పాలీఅక్రిలమైడ్ అనే పాలిమర్‌దొక వల, రెండూ ఒకదాంట్లో ఒకటి. లాగినప్పుడు ఆల్జినేట్‌లో కాల్షియం వేసిన ముడులు విడిపోతూ దెబ్బంతా తామే తింటాయి, రెండో వల తెగకుండా నిలబడి ఆకారాన్ని కాపాడుతుంది. విడిన ముడులు తర్వాత మళ్ళీ పడతాయి. ఎంతవరకు? 80 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచితే, మొదటిసారి లాగడానికి పట్టిన శక్తిలో 74 శాతం దాకా. ఇది రెండు ముక్కలై అతికిన కథ కాదు, లోపలి దెబ్బ మానిన కథ. నువ్వు ఈ రెంటినీ కలిపేశావు.

ముక్కలు అతికిన కథే కావాలంటే 2008లో పారిస్‌లో లుడ్విక్ లైబ్లర్ వాళ్ళు చేసిన రబ్బరు ఉంది. కొవ్వు ఆమ్లాలు, యూరియా వాడి చేశారు, పట్టంతా హైడ్రోజన్ బంధాలదే, అంటే అణువుల మధ్య తేలిగ్గా విడిపోయి మళ్ళీ కలిసే బంధాలది. కోసి వెంటనే అదిమితే మామూలు గది వేడిలోనే అతుక్కుంటుంది. ముక్కల్ని విడిగా చాలాసేపు వదిలేస్తే మాత్రం కోత దగ్గర ఒంటరిగా మిగిలిన బంధాలు తమ ముక్కలోనే జత చూసుకుంటాయి, ఇక అవతలి ముక్కతో పనుండదు. నాకు భలే నచ్చే విషయం ఇది, నీ వ్యాసంలో లేనే లేదు.

ఇంకోటి, పైన పెట్టిన ఫోటో మార్చు. అది 2001లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఎపాక్సీ అనే గట్టి ప్లాస్టిక్‌ది. అది బీట పడితే లోపలి సన్నని గుళికలు పగిలి అతికించే మందు కారుతుంది, గుళిక ఖాళీ అయ్యాక అదే చోట మళ్ళీ పగిలితే మందుండదు. నువ్వు రాసింది మెత్తని జెల్ గురించి కదా.