చెయ్యి చెప్పే కొలత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కరెంటు పోయిన చీకట్లో మూలనున్న కర్ర అందుకుంటే, దాని కొస తాకకపోయినా ఎంత పొడవుందో దాదాపుగా తెలిసిపోతుంది. ఎలా? (ఆదోని)

జవాబు: కర్ర ఎత్తగానే మణికట్టు తెలియకుండానే దాన్ని కొద్దిగా ఊపుతుంది. తిప్పడానికి అది ఎంత మొరాయిస్తోందో కండరాలకూ నరాలకూ అందుతుంది. పొడవు తెలిసేది ఆ మొరాయింపును బట్టే. బరువొక్కటే ఆధారమైతే, అంతే బరువున్న పొట్టి ఇనుపకడ్డీకీ పొడుగాటి వెదురుకూ తేడా తెలియదు. ఒకే లావు, ఒకే రకం కర్ర రెట్టింపు పొడవుంటే బరువు రెట్టింపే అవుతుంది; కొసన పట్టి తిప్పేటప్పుడు ఎదురయ్యే జడత్వం (ఆ మొరాయింపే) మాత్రం ఎనిమిది రెట్లవుతుంది. చేతికి ఇంత పెద్ద తేడా దొరుకుతుంది కాబట్టే అంచనా కుదురుతుంది. కదలికతో తెలిసే ఈ స్పర్శ గురించి అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ గిబ్సన్ 1966లో రాశారు. కర్రతో ఎంత దూరం అందుకోగలమో చూడకుండా చెప్పించే ప్రయోగాలను సాలమన్, టర్వీ అనే పరిశోధకులు 1988లో ప్రచురించారు.

ఇంట్లోనే చూడండి. గొడ్డలిని కామ కొసన పట్టి, కళ్లు మూసుకుని మెల్లగా ఊపండి. తర్వాత ఇనుము దగ్గర పట్టి ఊపండి (అంచుకు గోనెపట్టా చుట్టడం మరవద్దు). వస్తువు అదే, బరువూ అదే, కానీ రెండోసారి పొట్టిగా తోస్తుంది. చింతకాయలు కోసే దోటికి కొసన కొడవలి కట్టాక, ఉన్నదానికన్నా పొడవనిపించేదీ ఇందుకే.

ప్రశ్న: దీన్ని ఎనిమిదో తరగతి పిల్లలకు చేసి చూపించవచ్చా? (ఉరవకొండ, ఉపాధ్యాయురాలు)

జవాబు: తప్పకుండా. అరంగుళం పీవీసీ పైపు 40, 60, 90 సెంటీమీటర్ల ముక్కలు కోయించండి. పట్టుకునే చోట సుద్దతో గీత పెట్టండి. పిల్లవాడి పిడికిలి నాలుగు వేళ్లు జరిగినా ఫలితం మారిపోతుంది. దుప్పటి అడ్డు కట్టి, పైపు పట్టి ఊపే చెయ్యి మాత్రం దాని వెనక్కి పోనివ్వండి. ఇవతల నేలమీద టేపు పరిచి, మరో పిల్లవాడు అట్టముక్కను జరుపుతూ పోవాలి. కర్ర కొస ఎంతవరకు అందుతుందనిపిస్తే అక్కడ మొదటివాడు "ఆపు" అనాలి. ఒకసారి దగ్గరనుంచి దూరానికి, ఒకసారి దూరంనుంచి దగ్గరకు జరిపి, రెండింటి సగటు రాసుకోండి. ఒకే వైపునుంచి జరిపితే అంచనా ఆ వైపుకే మొగ్గుతుంది.

అసలు రుచి తర్వాత ఉంది. 60 సెంటీమీటర్ల పైపుకు 100 గ్రాముల నట్లు ఇన్సులేషన్ టేపుతో బిగించండి: ఒకసారి పిడికిలికి 10 సెంటీమీటర్ల దూరంలో, ఒకసారి చిట్టచివర. పైపు బరువు 120 గ్రాములనుకుంటే, దగ్గర కట్టినప్పుడు జడత్వం నూటికి ఏడు వంతులే పెరుగుతుంది. చివర కట్టినప్పుడు మూడున్నర రెట్లవుతుంది. పొడవు మూడున్నర రెట్లు తోచదు, కానీ పెరిగినట్టు స్పష్టంగా తోస్తుంది. నట్లు గలగలమన్నా, పైపు నేలకు గీసుకున్నా చెవి కనిపెట్టేస్తుంది. ఆ కొలత లెక్కలోకి తీసుకోవద్దు.

ప్రశ్న: చూడకుండా బల్ల అంచు వెంబడి వేలు జరిపి పొడవు చెబితే ప్రతిసారీ వేరుగా వస్తోంది. (కర్నూలు)

జవాబు: వేగం మారుతోంది. మెల్లగా జరిపితే ఎక్కువ పొడవుగా, గబగబా జరిపితే తక్కువగా తోస్తుంది. దానికన్నా జానతో కొలవడం మేలు. మీ జాన, మీ మూర ఎన్ని సెంటీమీటర్లో టేపుతో ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. తొమ్మిదంగుళాలు, పద్దెనిమిది అంగుళాలు అన్న లెక్క అందరి చేతులకూ సరిపోదు.

ప్రశ్న: నాకు చూపు లేదు. తెల్లకర్రకు చివర దొర్లే బంతి వేయించాక కర్ర పెరిగినట్టుంది. చిన్నది కొనాలా? (ప్రొద్దుటూరు)

జవాబు: వద్దండి. పెరిగింది చివరి బరువు. అలా తోచినదాన్ని నమ్మి పొట్టి కర్ర కొంటే, గుంతో మెట్టో తగిలేసరికి ఆగడానికి అడుగు చోటు కూడా మిగలదు. కర్రను నిటారుగా నిలబెట్టి చూడండి. పిడి రొమ్ము ఎముక దాకా రావాలన్నది సాధారణంగా పాటించే కొలత. పెద్ద అడుగులు వేసేవారికి ఇంకాస్త పొడవే కావాలి. కొత్త బంతితో తెలిసిన దారిలో కొన్నాళ్లు నడవండి, గోడ తగిలిన చోట ఆగి చెయ్యి చాచి దూరం సరిచూసుకోండి. మణికట్టు నొప్పి పుడితే మాత్రం తేలికైన కొస అడగండి, పొడవు తగ్గించవద్దు.