మూడో బ్యాటరీ కొనేముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కారుకు కొత్తగా వేయించిన రెండో బ్యాటరీ కూడా తెల్లవారేసరికి డౌన్ అవుతోందనీ, డాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తుతో పాటు ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), స్టీరింగ్ దీపాలు కూడా వెలుగుతున్నాయనీ, షాపువాళ్లు మళ్లీ కొత్త బ్యాటరీ వేయించమంటున్నారనీ రాశావు. ప్రస్తుతానికి ఎవరికీ డబ్బు కట్టవద్దు. రెండు బ్యాటరీలు వరసగా పోయాయంటే వాటిని చంపుతున్నది బండిలోనే ఎక్కడో ఉంది. దానిని పట్టుకోకుండా మూడోది వేయించడం, గట్టుకు గండి ఉన్న చెరువుకు రాత్రంతా నీరు తోడడమే అవుతుంది.

ముందు దీపాల సంగతి. ఇంజను నడుస్తుండగా ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలిగితే డైనమో (ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది) చార్జింగ్ సరిగా ఇవ్వడం లేదని అర్థం. వోల్టేజి పడిపోయినప్పుడు ఏబీఎస్, పవర్ స్టీరింగ్ వంటి వాటిని నడిపే కంప్యూటర్లు తమకు సరిపడా కరెంటు అందడం లేదని ఒకదాని తరువాత ఒకటి దీపాలు వెలిగిస్తాయి. అందుచేత వోల్టేజి చక్కబడేవరకు ఏబీఎస్ సెన్సారు మార్చాలని ఎవరన్నా ఒప్పుకోకు. వోల్టేజి నిలబడిన తరువాత కూడా ఏదైనా ఒక దీపం మిగిలితే అప్పుడు దాని సంగతి విడిగా చూడవచ్చు.

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు కొనుక్కో. రాత్రంతా ఆగి ఉన్న బండికి, పొద్దున సెల్ఫ్ కొట్టకముందే బ్యాటరీ వోల్టేజి చూడు. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టు. తరువాత చెల్లాయిని సెల్ఫ్ కొట్టమని నీవు మీటరు చూడు. మొదట నిండుగా ఉన్న బ్యాటరీ ఆ క్షణంలో 10 కంటే బాగా కిందికి పడితే బ్యాటరీలో బలం లేదనుకోవాలి. ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూస్తే 13.8 నుంచి 14.5 దాకా రావాలి. ఈ మధ్య బండ్లలో ఇంధనం ఆదా కోసం కంప్యూటరే డైనమోను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి లైట్లు వేయకుండా చూసిన అంకెను నమ్మకు. 13కు లోపలే ఆగిపోతే ముందు డైనమోను తిప్పే బెల్టు వదులుగా ఉందేమో చూసి, ఆపైన డైనమోను అనుమానించు. 15 దాటిపోతుంటే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు పోయి, బ్యాటరీని ఉడకబెడుతోందన్నమాట.

మన ప్రాంతంలో నేను అన్నిటికంటే ఎక్కువగా అనుమానించేది ఎర్త్, అంటే ఇంజను, బాడీల నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగి వచ్చే దారి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికీ, చెరువుల మీది తేమకూ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటుంది. అది కంటికి కనబడుతుంది కాబట్టి ఎవరైనా తుడుస్తారు. ఇంజను నుంచి బాడీకి వెళ్లే అల్లిక తీగ బోల్టు కింద పట్టిన తుప్పును మాత్రం ఎవరూ విప్పి చూడరు. మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద, రెండో కొనను ఇంజను మీద రంగు లేని లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించు. 0.2 వోల్టు దాటితే ఆ దారిలో అడ్డు ఉన్నట్టే. బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజిలైన్ పూయి. టెర్మినళ్ల మీది పొడికి వంటసోడా కలిపిన వేడినీళ్లు చాలు. ఆ బండిని సెకండ్ హ్యాండులో కొన్నావు కదా, 2022 జూలై గోదావరి వరదలో అది ఎక్కడ ఉందో అమ్మినవారిని అడుగు. కార్పెట్ ఎత్తి చూసినప్పుడు మూలల్లో ఒండ్రు కనిపిస్తే, కింద ఉన్న కనెక్టర్లన్నీ విప్పి చూడవలసిందే.

చార్జింగూ, ఎర్తూ బాగుండి కూడా తెల్లవారేసరికి ఖాళీ అవుతుంటే, ఆపి ఉన్న బండిలో కరెంటు కారుతోందన్నమాట. మైనస్ టెర్మినల్ విప్పి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, విప్పిన తీగకూ బ్యాటరీకీ మధ్య కలుపు. తలుపులు మూసి, లాక్ చేసి, కనీసం అరగంట ఆగు; కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సమయం కావాలి. మామూలుగా 0.05 ఆంపియరు లోపలికి దిగాలి. 0.3 దగ్గర ఆగిపోతే రోజుకు ఏడు ఆంపియర్-అవర్లు (బ్యాటరీలో నిలవ ఉండే కరెంటుకు కొలత) పోతాయి, 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఐదు రోజులు కూడా నిలవదు. అప్పుడు ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ ఎక్కడ అంకె పడిపోతుందో చూడు. బయట బిగించిన ఆంప్లిఫయరు, డాష్ కెమెరా, ట్రాకరు ముందుగా అనుమానించవలసినవి. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే డైనమో లోపలి డయోడును (కరెంటు వెనక్కి పారకుండా ఆపే భాగాన్ని) చూపించు, డైనమో లావు తీగ చాలా బండ్లలో ఈ ఫ్యూజుల గుండా రాదు. కోతలయ్యాక పొలాల ఎలుకలు బానెట్ కింద చేరి తీగలు కొరుకుతాయి కనుక ఆ కట్టలను కూడా టార్చి వేసి చూడు.

మీటరు అలా మధ్యలో ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టకూడదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, చేతి ఉంగరం తీసెయ్యి. డైనమో పనిచేస్తోందో లేదో చూస్తామని ఇంజను నడుస్తుండగా టెర్మినల్ పీకే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. వారిని బండి ముట్టుకోనివ్వకు. ఆ ఒక్క క్షణంలో పైకెగసే వోల్టేజికి కంప్యూటరు పోవచ్చు.

ఇప్పుడున్న బ్యాటరీని ఇన్నిసార్లు ఖాళీ చేశావు కాబట్టి, డైనమో మీద ఆధారపడకుండా చార్జరు మీద రాత్రంతా నెమ్మదిగా ఎక్కించి, ఆపైన లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేయించు. అందులో నిలబడకపోతే వారంటీ గడువు, బిల్లు చూసుకుని మార్పించుకో. కానీ కారణం దొరికాకే బండికి బిగించు. చూసిన అంకెలన్నీ వరసగా రాసి నాకు పంపు, డైనమో విప్పించాలో వద్దో అప్పుడు చెబుతాను.

మీ మావయ్య
పాలకొల్లు