ఇంటికి చిన్న పక్షి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు, ఊళ్లో ఒక్కతే ఉంటోంది. తోడుగా ఒక చిన్న పక్షిని తెచ్చిద్దామనుకుంటున్నాం. దుకాణంలో లవ్ బర్డ్స్ జత, కాక్‌టీల్, ఫించ్‌లు చూపించారు. ఏది తీసుకోమంటారు? (పాఠకురాలు, పాలకొండ)

జవాబు: అమ్మగారు రోజంతా ఇంటిపట్టునే ఉంటారంటే ఒక్క మగ బడ్జీ తీసుకోండి. దుకాణాల్లో లవ్ బర్డ్స్ అని అమ్మేవి చాలావరకు బడ్జీలే. ఆస్ట్రేలియా జాతి, బరువు 30 నుంచి 40 గ్రాములు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. వాటి ముక్కు గట్టిది, కోపమూ ఎక్కువే. పెద్దవాళ్ల పలచటి చర్మం మీద కొరికితే గాయమవుతుంది.

జత తెస్తే అవి వాటిలో అవే కబుర్లాడుకుంటాయి, మనిషి దగ్గరికి రావడం తగ్గిపోతుంది. ఒక్కటే అయితే ఆ తోడు అమ్మగారే ఇవ్వాలి. పంజరం ఆమె కూర్చునే చోటే ఉండాలి, రోజూ పలకరింపు ఉండాలి. నెలలో సగం రోజులు పిల్లల ఇళ్లకు వెళ్లి వస్తుంటారా? అప్పుడు ఒంటరి పక్షి కుంగిపోతుంది, ఈకలు పీక్కుంటుంది. అలాంటి ఇంటికి జతే మేలు.

కాక్‌టీల్ ఇంకా మచ్చిక పక్షి. మగది ఈలపాట నేర్చుకుంటుంది, తల వంచి గోకించుకుంటుంది. అయితే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది కాబట్టి తర్వాత ఎవరు చూసుకుంటారో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. దాని ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుంది, ఆయాసం ఉన్నవాళ్లున్న ఇంటికి వద్దు. ఫించ్‌లు చేతికి రావు, చూసి మురవడానికే. పంజరంలో చేయి పెట్టే ఓపిక లేనివారికి అవే నయం.

కొనేటప్పుడు పంజరానికి రెండు బారల దూరంలో ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి చూడండి. మనిషి దగ్గరికొస్తే జబ్బు పక్షి కూడా హుషారుగా ఉన్నట్టు నటిస్తుంది. దూరం నుంచి చూస్తేనే బయటపడుతుంది. ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతున్నా, ఒళ్లు ఉబ్బించి మూల కూర్చున్నా, తోక కింద ఈకలకు రెట్ట అంటుకుని ఉన్నా తీసుకోవద్దు. తర్వాత చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక తడమండి. కత్తి అంచులా తగిలితే అది చిక్కిపోయిన పక్షి. బడ్జీ అయితే, నుదుటి మీద సన్నటి నల్లచారలు ముక్కుదాకా ఉంటే మూడు నాలుగు నెలల లోపు పిల్ల. త్వరగా మచ్చికయ్యేది ఆ వయసులోనే. ముక్కు మొదట్లో ఉండే మెత్తటి భాగం పిల్ల మగదానికి అంతటా ఒకే గులాబీ ఊదా రంగులో ఉంటుంది. పిల్ల ఆడదానికి ముక్కు రంధ్రాల చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. పెద్దయ్యాక మగదానికి నీలం, ఆడదానికి గోధుమ రంగు.

ప్రశ్న: ఇంట్లో చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు) ఉన్నాయి. అవే పెట్టొచ్చా? రోజుకు ఎంత? (పాఠకుడు, చీపురుపల్లి)

జవాబు: కొద్దిగా కలపండి. అసలు మేత మాత్రం కొర్రలు, సామలు, వరిగెలు కావాలి, అదీ పొట్టు తీయనివి. వంటకని బజార్లో దొరికే కొర్రబియ్యం పనికిరాదు. ఒక బడ్జీకి రోజుకు రెండు టీస్పూన్లు చాలు.

చాలా ఇళ్లలో పక్షులు ఆకలితో పోయేది గిన్నె నిండుగా కనబడుతుండగానే. పక్షి గింజను ఒలిచి తిని పొట్టును మళ్లీ గిన్నెలోనే వదులుతుంది. పైనుంచి చూస్తే గింజలే అనిపిస్తుంది. రోజూ పొద్దున్నే గిన్నెను ఒక్కసారి ఊదండి, పొట్టు ఎగిరిపోయాక అడుగున ఏమాత్రం మిగిలిందో తెలుస్తుంది.

మన ఉత్తరాంధ్ర వైపు వానాకాలం తేమకు గింజ తొందరగా బూజు పడుతుంది, ఆ బూజు విషం పక్షి కాలేయాన్ని తినేస్తుంది. ఒకేసారి నెలకు మించి కొనకండి, మూత బిగువుగా ఉండే డబ్బాలో పోయండి. అనుమానముంటే చెంచాడు గింజలు తడిగుడ్డలో మూటకట్టి మూడు రోజులు ఉంచండి. సగానికి సగం మొలకెత్తకపోతే ఆ సరుకు పాతది.

కొత్తిమీర, మెంతికూర, మునగాకు రోజూ రెండు రెమ్మలు బాగా కడిగి ఇవ్వండి. సున్నపు సత్తువకు సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి తెల్లటి ఎముక) పంజరానికి కట్టాలి. కళింగపట్నం, బారువ తీరాల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చినవి దొరికితే నాలుగు రోజులు మంచినీళ్లలో, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి వాడండి. ఉప్పు పోవాలి. టీ, చాక్లెట్, ఉల్లి, అవకాడో, ఉప్పు వేసిన చిరుతిళ్లు అస్సలు వద్దు.

ప్రశ్న: జత తెచ్చాం. కుండ కట్టాలంటున్నారు, నిజమేనా? (పాఠకురాలు, రాజాం)

జవాబు: పిల్లలు కావాలంటేనే కట్టండి. గూడు కనబడితే చాలు, ఆడది విడతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు, ఒక విడత మీద ఇంకో విడత పెడుతూనే పోతుంది. ఒంట్లో సున్నం తరిగిపోయి గుడ్డు లోపలే ఇరుక్కుంటుంది. అప్పుడు ఒక్క రోజు ఆలస్యమైనా ప్రాణానికే ముప్పు. బడ్జీలు నిద్రపోయేది కొమ్మ మీదే, కుండ లేకపోతే వాటికి లోటేమీ లేదు.

ప్రశ్న: పంజరం ఎంత ఉండాలి? ఎక్కడ పెట్టాలి? (పాఠకుడు, టెక్కలి)

జవాబు: ఒక బడ్జీకి కనీసం 24 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు. ఊచల మధ్య అర అంగుళం మించకూడదు, మించితే తల ఇరుక్కుంటుంది. ప్లాస్టిక్ కర్రలు తీసేసి, మందు కొట్టని జామ, వేప కొమ్మలు రకరకాల లావుల్లో పెట్టండి. ఒకే లావు నున్నటి కర్ర మీద కూర్చుంటే అరికాళ్లు పుండ్లు పడతాయి.

వంటింట్లో మాత్రం పెట్టవద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి మనకు తెలియకపోవచ్చు, పక్షి నిమిషాల్లో చనిపోతుంది. దోమల చక్రం, అగరుబత్తి, సాంబ్రాణి పొగ కూడా వేరే గదిలోనే. పంజరం తలుపు తీసే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, కిటికీ మూయాలి. ఈ రెండూ మరిచిపోవడం వల్ల పోయే పక్షులు అన్నీ ఇన్నీ కావు.

తుపాను కబురు వింటే పంజరాన్ని వరండా నుంచి లోపలి గదిలోకి మార్చండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు, రోడ్లు రోజుల తరబడి లేవు కదా. పది రోజుల మేత, తాగునీళ్లు ముందే పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: సంతలో రామచిలుక పిల్ల చవకగా ఇస్తామంటున్నారు. కొనొచ్చా? (పాఠకుడు, బొబ్బిలి)

జవాబు: వద్దండీ. రామచిలుక, గోరింక, మునియా లాంటి మన దేశపు అడవి పక్షులను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమ్మినవాడికే కాదు, కొన్నవాడికీ శిక్ష ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, కళ్లు తెరవని పిల్లను తొర్రలోంచి లాగి తెస్తారు, దారిలోనే పోయేవి ఎన్నో. తేలినీలాపురంలో గూడబాతులకు, తేలుకుంచిలో కొంగలకు ఊళ్లకు ఊళ్లే కాపలా కాసే నేల మనది. అమ్ముతున్నవాళ్లు కనిపిస్తే అటవీ శాఖవారికి చెప్పండి.

ప్రశ్న: మా బడ్జీ నిన్నటి నుంచి ఒళ్లు ఉబ్బించి నిద్రపోతూనే ఉంది. ఏం చేయాలి? (పాఠకురాలు, ఆమదాలవలస)

జవాబు: ఇవాళే చూపించండి. పక్షి జబ్బును చివరిదాకా దాస్తుంది, మీకు కనబడిందంటే అప్పటికే ముదిరింది. తీసుకెళ్లేలోగా పంజరానికి ఒక పక్క బయటివైపు 40 వాట్ల మామూలు బల్బు వెలిగించి, ఆ పక్క 30 డిగ్రీలు ఉండేలా చూడండి. వేడెక్కువైతే జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. మనుషుల మందులు చుక్క కూడా వేయవద్దు. రెట్టను తెల్ల కాగితం మీద పట్టి వెంట తీసుకెళ్లండి. దగ్గరి పశువైద్యశాలలో పక్షులు చూసేవారు లేకపోతే గరివిడి పశువైద్య కళాశాలలో అడగండి. కోలుకున్నాక వారానికోసారి గ్రాముల తూకం మీద బరువు చూసి రాసుకోండి. 35 గ్రాముల పక్షి మూడు నాలుగు గ్రాములు తగ్గిందంటే, పైకి ఎంత హుషారుగా ఉన్నా మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.